కంపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే క్యూ మొత్తం కనపడదు: పేజీ లోపలికి దూరి డీబగ్ చేసే జావాస్క్రిప్ట్ టూల్స్ సంగతి

తిరుపతి బస్టాండ్ వెనక సందులో ఒక లాడ్జి ఉంది, దానికి వెబ్‌సైట్ చేసిచ్చింది నేనే. పెద్ద సైట్ ఏం కాదు, నాలుగు ఫొటోలు, రేట్లు, ఒక బుకింగ్ ఫారం, అంతే. ఒక రోజు పొద్దున్నే ఓనర్ ఫోన్ చేసినాడు, "ఏం సామీ, బుక్ అని రాసిన బటన్ నొక్కతా ఉంటే రాయి మాదిరి కదల్లేదే" అని. నా లాప్‌టాప్‌లో చూస్తే బ్రహ్మాండంగా పని చేస్తా ఉంది. బ్రౌజర్ విండోని ఫోన్ సైజుకి కుదించి చూసినా, అప్పుడూ బాగుంది. నా ఫోన్లోనూ బాగుంది. ఆయన ఫోన్లో మాత్రం లేదు. వెబ్ పని చేసేవాళ్ళందరికీ ఈ నొప్పి తెలుసు, తప్పు ఒక చోట ఉంటుంది, దాన్ని చూసే సామాన్లన్నీ ఇంకో చోట ఉంటాయి.

లాప్‌టాప్ అయితే రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ అంటే పేజీ పేగులన్నీ బయట పడతాయి. ఫోన్లో క్రోమ్‌కి ఆ మాటే లేదు. ఉండే రాజమార్గం ఏందంటే ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తట్టి డెవలపర్ ఆప్షన్స్ తెరవాల, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చెయ్యాల, కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించాల, అప్పుడు లాప్‌టాప్ క్రోమ్‌లో ఆ ఫోన్ పేజీని విప్పి చూడొచ్చు. లాడ్జి ఓనర్‌కి ఇది చెప్పి చూసినా. బ్యాంకు డబ్బులుండే ఫోన్‌కి వైరు తగిలిస్తావా అన్నట్టు ఒక చూపు చూసి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం.

నా దగ్గర పని నేర్చుకుంటా ఉండే పిల్లోడు ఒకడున్నాడు, లాప్‌టాప్ కొనక ముందు రెండేళ్ళు ఫోన్లోనే కోడ్ రాసినోడు, వాడికి ఇట్టాంటివి బాగా తెలుసు. "అన్నా, పేజీలో బయటి కోడ్‌ని పిలిచే స్క్రిప్ట్ ట్యాగ్ ఒకటి పెట్టు, మూలలో ఒక గుర్తు వస్తుంది, నొక్కితే ఫోన్లోనే పేజీ ముక్కలు అంటే ఎలిమెంట్లు, ఎర్రర్లు పడే కన్సోల్ అన్నీ కనపడతాయి, ఓపెన్ సోర్సే, స్టార్లు ఎన్నున్నాయో చూడు" అని గిట్‌హబ్ పేజీ తెరిచి చూపించినాడు, గిట్‌హబ్ అంటే కోడ్ పెట్టుకునే సైట్, స్టార్లంటే దాంట్లో నచ్చినోళ్ళు కొట్టే గుర్తులు. ఆ జాతి టూల్స్ చాలానే ఉన్నాయి. ఎరుడా అని ఒకటి, టెన్‌సెంట్ వాళ్ళ వీకన్సోల్ అని ఒకటి, రెండిటిదీ ఎంఐటీ లైసెన్సే, అంటే ఊరికే వాడుకోవచ్చు. డిజైన్ వైపు వాళ్ళకి గూగుల్ క్రోమ్‌ల్యాబ్స్ నుంచి ఆడమ్ ఆర్గైల్ చేసిన విజ్‌బగ్ ఉంది, 2018లో వచ్చింది, ఎక్స్‌టెన్షన్‌గా ఎక్కించుకుంటాం గానీ పని మాత్రం పేజీలోనే కూర్చుని చేస్తుంది. మావాడు చూపించింది ఇవేవీ కాదు, ఇంకా చిన్నది, పేరు చెప్పను, ఎవరో ఖాళీ టైంలో రాసి ఊరికే ఇచ్చినదాన్ని నలుగురిలో నిలబెట్టి తిట్టడం నాకు ఇష్టం లేదు. అది పెట్టుకోవచ్చా వద్దా అని తేల్చుకోవడానికి నాకు దగ్గర దగ్గర వారం పట్టింది. ఆ వారంలో అర్థమైంది రాస్తా ఉన్నా.

మనం ఇట్టాంటి టూల్‌ని చూసేటప్పుడు ఫీచర్ల పట్టిక చూస్తాం, ఎలిమెంట్స్ ఉందా, నెట్‌వర్క్ ఉందా, డార్క్ థీమ్ ఉందా అని. నేనూ మొదట అదే చేసినా. కానీ అడగాల్సింది ఇది ఎక్కడ నిలబడి చూస్తా ఉంది అని. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కూర్చున్నోళ్ళకి తెలుసు, మన కంపార్ట్‌మెంట్‌లో ఎవరు పాలు తాగినారు, ఏ పిల్లోడు ఏడస్తా ఉన్నాడు అన్నీ కనపడతాయి, గేటు ఎప్పుడు తీస్తారో మాత్రం తెలీదు, ముందు కంపార్ట్‌మెంట్‌లో ఎంత మంది ఉన్నారో అంతకంటే తెలీదు. అదే కెమెరాల ముందు కూర్చున్నోడికి అన్ని కంపార్ట్‌మెంట్లూ కనపడతాయి, పైగా వాడు చూసినంత మాత్రాన క్యూ అంగుళం కూడా జరగదు. పేజీలో స్క్రిప్ట్‌గా వచ్చే టూల్ కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్న భక్తుడు. బ్రౌజర్‌తో పాటు వచ్చే డెవ్‌టూల్స్, అదే ఇన్‌స్పెక్ట్ కొడితే తెరుచుకునేది, కెమెరాల ముందు కూర్చున్నోడు.

ఈడ ఒక తికమక ఉంది, మావాడు అదే అడిగినాడు, "డెవ్‌టూల్స్ కూడా జావాస్క్రిప్టే కదన్నా, అదీ ఓపెన్ సోర్సే కదా" అని. నిజమే, క్రోమ్ డెవ్‌టూల్స్‌లో మనకు కనపడే ముఖమంతా జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్‌తో రాసిందే, దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు. తేడా భాషలో లేదు. డెవ్‌టూల్స్ మాట్లాడేది పేజీతో కాదు, పేజీని నడిపే బ్రౌజర్ ఇంజిన్‌తో, దానికి డెవ్‌టూల్స్ ప్రోటోకాల్ అని ఒక ప్రత్యేకమైన లైన్ ఉంది. మనం పెట్టే స్క్రిప్ట్‌కి ఆ లైన్ లేదు, పేజీలో ఉండే మామూలు స్క్రిప్ట్‌లకి బ్రౌజర్ ఏం చెప్తుందో దీనికీ అంతే చెప్తుంది. 2006లో జో హెవిట్ ఫైర్‌బగ్ తెచ్చినప్పుడు, అంతవరకూ అలర్ట్ బాక్సులు పెట్టుకుని గుడ్డిగా వెతికేవాళ్ళకి అది దేవుడి మాదిరి ఎందుకు కనపడిందంటే అది ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్‌గా, పేజీకి బయట కూర్చుంది కాబట్టి. 2017లో దాన్ని ఆపేసినారు, అప్పటికే దాని పనులన్నీ బ్రౌజర్ల సొంత టూల్స్‌లోకి వచ్చేసి ఉన్నాయి. ఫోన్లో ఇన్‌స్పెక్ట్ లేదు కాబట్టే మళ్ళీ ఈ లోపలి టూల్స్‌కి ఇంత గిరాకీ.

లోపల కూర్చున్నోడిని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. లాడ్జి బటన్ సమస్య పట్టింది ఆ చిన్న టూలే, అదీ అయిదు నిమిషాల్లో. అది పని చేసే పద్ధతి భలే సులువుగా ఉంటుంది, మీరు వేలు పెట్టిన చోటు కొలత తీసుకుని ఎలిమెంట్ ఫ్రమ్ పాయింట్ అనే ఫంక్షన్‌ని అడుగుతుంది, ఈ చుక్క మీద అందరికంటే పైన ఉండేది ఎవరు అని, వచ్చిన జవాబుకి గెట్ బౌండింగ్ క్లయింట్ రెక్ట్‌తో నాలుగు అంచులు తెలుసుకుని దాని మీద ఒక నీలం డబ్బా గీస్తుంది, గెట్ కంప్యూటెడ్ స్టైల్‌తో రంగూ మార్జినూ పక్కన రాస్తుంది. ఆ నీలం డబ్బాకి పాయింటర్ ఈవెంట్స్ నన్ అని పెట్టడం మర్చిపోతే మాత్రం తమాషా, రెండోసారి అడిగితే అందరికంటే పైన ఉండేది నేనే అని ఆ డబ్బానే జవాబు చెప్తుంది. ఓపిక ఉంటే ఇదంతా ముప్ఫై లైన్లలో మనమే రాసుకోవచ్చు, రాయండి కూడా, టూల్స్ మీద భయం పోతుంది.

ఆయన ఫోన్లో బుక్ బటన్ మీద వేలు పెడితే జవాబుగా వచ్చింది బటన్ కాదు, ఒక డివ్, అంటే ఉత్త డబ్బా. కంటికి ఏమీ లేదు. అది పండగ ఆఫర్ పాపప్ వెనకాల ఉండే నల్ల పొర, పాపప్ మూసినప్పుడు దాన్ని తీసెయ్యకుండా నేను ఒపాసిటీ సున్నా చేసి వదిలేసినా. ఒపాసిటీ సున్నా అంటే కంటికి కనపడదు గానీ వేలికి తగుల్తుంది, పైగా ఎవరి మీద ఎవరు అని చెప్పే జెడ్-ఇండెక్స్ 9999 పెట్టుకుని బటన్ నెత్తిన కూర్చుంది. మరి నా ఫోన్లో ఎందుకు రాలేదు అంటే, ఈ పాపప్ ఒకసారి చూసినోళ్ళకి మళ్ళీ రాకూడదని బ్రౌజర్ లోపల దాచే లోకల్ స్టోరేజ్‌లో గుర్తు పెట్టుకునే కోడ్ ఇంటూ గుర్తు నొక్కినప్పుడు మాత్రమే పని చేస్తా ఉంది. నేను మొదటి రోజే ఇంటూ నొక్కినా, నాకు ఆ పొరే పుట్టదు. ఆయన ఎప్పుడూ ఇంటూ నొక్కడు, పక్కన ఖాళీ జాగాలో తట్టి మూస్తాడు. ప్రతిసారీ పాపప్, ప్రతిసారీ పొర. ఒక మనిషి అలవాటు తెలీకుండా ఏ టూలూ దీన్ని కారణంతో సహా చెప్పలేదు, కానీ నేరస్తుడు ఎవరో మాత్రం చెప్పింది.

దాంతో మావాడు గెలిచినట్టు మొహం పెట్టినాడు, నేను కూడా పెట్టేద్దాం లే అనుకున్నా. రెండో సమస్య రాకపోయి ఉంటే ఈ రాసేదే ఉండేది కాదు.

అదే పేజీలో "స్త్రీలకు ప్రత్యేక గదులు" అని ఒక హెడ్డింగ్ ఉంది. ఆయన ఫోన్లో కింద వత్తులు కోసేసినట్టు పోయినాయి, స్త్రీ కింద సగం లేదు, ప్రత్యేక కింద సగం లేదు. తెలుగు సైట్లు చేసేవాళ్ళకి ఇది రోజువారీ తద్దినం. ఇంగ్లీష్ అక్షరాల ఎత్తు చూసి లైన్ హైట్ 1 అని పెడతారు డిజైన్లో, పైన ఓవర్‌ఫ్లో హిడెన్, అంటే డబ్బా దాటింది కనపడనీకు అని, పెడతారు, మన అక్షరం తల మీద గుడి, కాళ్ళ కింద రెండంతస్తుల వత్తు, ఎట్టా పడుతుంది ఆ డబ్బాలో. టూల్‌తో చూస్తే ఎలిమెంట్ ఎత్తు 24 పిక్సెల్స్, అన్నీ సక్రమం అంటా ఉంది. అది అబద్ధం కాదు, దానికి తెలిసింది అంతే, రెక్ట్ ఇచ్చేది సీఎస్‌ఎస్ (పేజీ రూపం చెప్పే రూల్స్) డబ్బా కొలత, అక్షరం సిరా ఎంత దూరం పోయిందో దాంట్లో ఉండదు.

సరే, ఏ ఫాంట్ వస్తా ఉంది చూద్దాం అని ఫాంట్ లైన్ చూస్తే పాపిన్స్ అని చూపిస్తా ఉంది. పాపిన్స్‌లో ఇంగ్లీష్ ఉంది, దేవనాగరి ఉంది, తెలుగు అక్షరమే లేదు. మరి తెరమీద తెలుగు ఎట్టా వస్తా ఉంది, బ్రౌజర్ తన ఇష్టం వచ్చిన వేరే ఫాంట్‌ని తెచ్చి అతికించింది. విండోస్ లాప్‌టాప్‌లో అది నిర్మలా యూఐ కావచ్చు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో, కొన్ని కంపెనీల ఫోన్లలో వాళ్ళు వేసుకున్న ఇంకేదో. ఒక్కోదానికి వత్తు లోతు ఒక్కో రకం, అందుకే నా దగ్గర బాగుండి ఆయన దగ్గర తెగింది. గెట్ కంప్యూటెడ్ స్టైల్ మనం సీఎస్‌ఎస్‌లో రాసుకున్న ఫాంట్ల వరసనే తిరిగి చదువుతుంది, నిజంగా ఏ ఫాంట్‌తో గీసినారో చెప్పదు. డెవ్‌టూల్స్‌లో కంప్యూటెడ్ ట్యాబ్ అడుక్కి పోతే రెండర్డ్ ఫాంట్స్ అని అసలు పేరు కనపడుతుంది, అది ఇంజిన్ లైన్‌లో వచ్చే కబురు. పేజీ లోపల ఏ టూల్ అయినా, ఎంత గొప్పోడు రాసినా, ఆ పేరు నేరుగా తెచ్చి ఇవ్వలేదు. తెలుగు పేజీలు చేసేవాళ్ళకి ఇది చిన్న లోటు కాదు, నన్నడిగితే ఇదే అన్నిటికంటే పెద్దది, ఇంగ్లీష్‌లో వచ్చే రివ్యూల్లో దీని గురించి ఒక్క ముక్క ఉండదు ఎందుకంటే వాళ్ళకి ఈ బాధ లేదు.

ఇంకొకటి కూడా మన వాళ్ళకే వచ్చేది. ఎలిమెంట్ పక్కన దాంట్లో ఉండే మాటలు మొదటి కొన్ని అక్షరాలు చూపిస్తాయి ఈ టూల్స్. స్త్రీ మనకు ఒక అక్షరం, జావాస్క్రిప్ట్‌కి 6 ముక్కలు, స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. లెక్క పెట్టి టక్కున కోస్తే సగం అక్షరం దగ్గర తెగి పొల్లు వేలాడతా ఉంటుంది. ఇంటిల్ సెగ్మెంటర్ అని దీనికి బ్రౌజర్లోనే మందుంది, వాడినోళ్ళు తక్కువ. ఇది ప్రాణం తీసే తప్పేం కాదు, కానీ రాసినోడు ఇంగ్లీష్ కాని పేజీ మీద ఒక్కసారైనా తన టూల్‌ని పెట్టి చూసినాడా అనేది ఇక్కడే తెలిసిపోతుంది.

లోపలి నుంచి కనపడనివి ఇంకా ఉన్నాయి. బటన్‌కి ఏ ఫంక్షన్లు కట్టి ఉన్నాయి అనేది యాడ్ ఈవెంట్ లిజనర్‌తో కట్టినాక మామూలు స్క్రిప్ట్ తిరిగి అడగలేదు, డెవ్‌టూల్స్ కన్సోల్‌లో దానికో ఫంక్షన్ ఉంది గానీ అది పేజీకి ఇవ్వరు. ఎరుడా దీనికి ఒక ఉపాయం చేస్తుంది, ఆ యాడ్ ఈవెంట్ లిజనర్‌నే మధ్యలో పట్టుకుని, ఎవరు కట్టినా తన లెక్కలో రాసుకుంటుంది. ఉపాయం బాగుంది, కానీ టూల్ అందరికంటే ముందు లోడ్ అయితేనే లెక్క సరిగా ఉంటుంది, పేజీ అడుగున పెడితే అంతకు ముందు కట్టినవన్నీ గల్లంతు. అట్టే వేరే డొమైన్ నుంచి వచ్చే సీఎస్‌ఎస్ ఫైల్ లోపలి రూల్స్ చదవబోతే, ఆ డొమైన్ ఒప్పుకుని ఉండకపోతే బ్రౌజర్ సెక్యూరిటీ ఎర్రర్ కొడుతుంది, అంటే రంగు ఎర్రగా ఉంది అని తెలుస్తుంది, ఏ రూల్ వల్ల ఎర్రగా ఉంది అని తెలీదు. మౌస్ పైన పెట్టినట్టుండే హోవర్ స్థితిని బలవంతంగా పెట్టి చూడ్డం కుదరదు. షాడో డామ్ అని పేజీలో గోడ కట్టుకునే గది ఒకటుంది, దాన్ని క్లోజ్డ్ అని పెడితే లోపలికి దారి లేదు. పేమెంట్ గేట్‌వే వాళ్ళ ఐఫ్రేమ్, అంటే మన పేజీలో పెట్టిన ఇంకో పేజీ, వేరే డొమైన్‌ది అయితే అది ఒక నల్ల పెట్టె, అది అట్టా ఉండటమే మంచిది, లోపలికి కనపడి ఉంటే భయపడాల్సింది మనమే.

కనపడకపోవడం ఒక సమస్య అయితే, కదిలించడం ఇంకో సమస్య. కంపార్ట్‌మెంట్‌లోకి ఇంకో మనిషి వచ్చి కూర్చుంటే ఉన్నోళ్ళు జరగాల్సిందే కదా. మావాడి టూల్ ఎలిమెంట్ల చుట్టూ గీత గీయడానికి బోర్డర్ వాడతా ఉంది. బోర్డర్‌కి జాగా కావాల, ఒక్కో పక్క ఒక పిక్సెల్ అంటే వెడల్పులో రెండు పిక్సెల్స్, మూడు గదుల ఫొటోలు ఒకే వరసలో సరిగ్గా పట్టి ఉంటే మూడోది కిందికి దూకింది. నేను అరగంట ఆ దూకుడుని బగ్ అనుకుని వెతికినా, అది టూల్ పెట్టిన బగ్. అవుట్‌లైన్‌తో గీస్తే జాగా తినదు, ఎవరూ జరగరు. గూగుల్‌లో పని చేసిన ఆడీ ఒస్మానీ ఒకప్పుడు ఒక్క లైన్‌లో రాసిన లేఅవుట్ డీబగ్గర్ ఒకటి బాగా తిరిగింది, పేజీలో ప్రతి ఎలిమెంట్‌కీ తోచిన రంగుతో అవుట్‌లైన్ పెడుతుంది, అంతే, అది బోర్డర్ కాకుండా అవుట్‌లైన్ కావడంలోనే ఉంది తెలివంతా.

ఇంకా చూస్తే, టూల్ తన పెట్టెని బాడీ చివర అతికిస్తుంది కాబట్టి చివరి బిడ్డకి అని రాసుకున్న సీఎస్‌ఎస్ రూల్ ఏదైనా ఉంటే అది మన ఫుటర్‌ని వదిలేస్తుంది. మన పేజీలో బటన్లన్నిటికీ వెడల్పు నూటికి నూరు అని ఉంటే టూల్ బటన్లు కూడా పొట్ట ఉబ్బి కూర్చుంటాయి, దాని సీఎస్‌ఎస్ మన మీదికి కారితే మనవి చెడతాయి, షాడో డామ్‌లో పెట్టుకుంటే రెండు వైపులా చాలా వరకు గోడ ఉంటుంది. బాడీకి ట్రాన్స్‌ఫామ్ (జరపడం, కుదించడం లాంటిది) ఉంటే ఫిక్స్‌డ్ అని పెట్టిన టూల్ గుర్తు ఫిక్స్‌డ్‌గా ఉండదు, స్క్రోల్‌తో పాటు పోతుంది. కన్సోల్ లాగ్‌ని టూల్ మధ్యలో పట్టుకుంటుంది కాబట్టి లాప్‌టాప్ డెవ్‌టూల్స్‌లో ప్రతి లాగ్ పక్కనా మన ఫైల్ పేరు, లైన్ నంబర్ కాకుండా టూల్ ఫైల్ పేరే వస్తుంది, ఇది తెలీక ఒక సాయంత్రం పోగొట్టుకున్నా.

అందుకని నాలుగో రోజు నేను చేసింది ఏందంటే, మంచి పేజీ మీద టూల్‌ని పరీక్షించడం మానేసి, కావాలని చెడిపిన పేజీ ఒకటి తయారు చేసినా. కనపడని పొర ఒకటి, సగానికి కుదించిన డబ్బా ఒకటి, సీఎస్‌ఎస్ బిఫోర్‌తో గీసిన చుక్క ఒకటి, గీతలతో గీసే బొమ్మ అంటే ఎస్‌వీజీ ఐకాన్ ఒకటి, తెలుగు హెడ్డింగ్, క్లోజ్డ్ షాడో, ఇట్టా. తప్పులన్నీ నేనే పెట్టినా కాబట్టి జవాబులు నాకు ముందే తెలుసు, టూల్ ఏం చెప్తుందో చూడ్డమే. కుదించిన డబ్బా దగ్గర మంచి సంగతి బయట పడింది. 200 పిక్సెల్స్ వెడల్పు డబ్బాని ట్రాన్స్‌ఫామ్‌తో సగం చేస్తే ఆఫ్‌సెట్ విడ్త్ 200 అంటుంది, రెక్ట్ 100 అంటుంది, రెండూ నిజమే, ఒకటి లేఅవుట్‌లో తీసుకున్న జాగా, ఇంకోటి తెరమీద కనపడేది. మావాడి టూల్ ఊరికే వెడల్పు 200 అని రాసి ఊరుకుంది, పైన గీసిన నీలం డబ్బా మాత్రం 100కే ఉంది. దాని మాటకీ దాని గీతకీ పొంతన లేదు. ఆఫ్‌సెట్ విడ్త్ అయితే దశాంశాలు కూడా మింగేస్తుంది, పేజీని మూడు భాగాలు చేసినప్పుడు 33.33 శాతం దగ్గర వచ్చే అర పిక్సెల్ తగాదాలు దాంతో ఎప్పటికీ తేలవు.

ఎస్‌వీజీ ఐకాన్ మీద వేలు పెట్టగానే టూల్ ప్రాణం పోయింది. ఎర్రర్ చూస్తే, క్లాస్ నేమ్‌ని స్ప్లిట్ చెయ్యబోయి బోర్లా పడింది. మామూలు ఎలిమెంట్‌కి క్లాస్ నేమ్ ఒక స్ట్రింగ్, ఎస్‌వీజీకి అది స్ట్రింగ్ కాదు, ఒక ఆబ్జెక్ట్, దానికి స్ప్లిట్ ఉండదు. ఇది చాలా మంది టూల్ రాసేవాళ్ళు పడే గుంత, నేను కూడా నా ముప్ఫై లైన్లలో పడినా. గెట్ ఆట్రిబ్యూట్‌తో అడిగితే ఏ గొడవా లేదు. ఈ రోజుల్లో ఐకాన్లు లేని పేజీ యాడుంది, ఇది పట్టలేదంటే రాసినోడు తన డెమో పేజీ దాటి బయటికి పోలేదనే అనుకోవాల. గిట్‌హబ్‌లో తప్పులు రాసే ఇష్యూస్ ట్యాబ్‌లో చూస్తే ఇదే తప్పు ఇంకెవరో రాసి పెట్టినారు, కింద ఎవరూ జవాబు ఇవ్వలేదు. స్టార్లు ఎన్ని ఉన్నాయి అనే దానికంటే అట్టా జవాబు లేని ప్రశ్నలు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి అనేది నాకు ఎక్కువ చెప్పింది. లైసెన్స్ ఫైల్ ఉంది, ఎంఐటీ, అది బాగుంది. లైసెన్స్ ఫైలే లేకుండా గిట్‌హబ్‌లో పెట్టినంత మాత్రాన ఓపెన్ సోర్స్ అయిపోదు, కోడ్ కనపడుతుంది, వాడుకునే హక్కు మాత్రం రాదు, ఇది మన ఊరి చిన్న కంపెనీల్లో సగం మందికి తెలీదు.

ఇప్పుడు నమ్మకం సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకుంటే కుదరదు. లాడ్జి బుకింగ్ ఫారంలో ఏముంటాయి, పేరు, ఫోన్ నంబర్, ఆధార్ నంబర్. పేజీలో కూర్చున్న స్క్రిప్ట్‌కి ఇవన్నీ టైప్ చేస్తా ఉండగానే కనపడతాయి, లోకల్ స్టోరేజ్‌లో ఉండేవి కనపడతాయి, స్క్రిప్ట్‌లకి కనపడకుండా దాచే హెచ్‌టీటీపీ ఓన్లీ గుర్తు పెట్టని కుకీలు కనపడతాయి. డీబగ్ టూల్ అంటే పని పేరుతోనే అన్నీ చూసే అధికారం ఇచ్చినట్టు. ఓపెన్ సోర్స్ కదా, ఎవరో ఒకరు చదివే ఉంటారు లే అనే ధీమా మావాడిది. చదివినా కూడా గిట్‌హబ్‌లో చదివిన కోడే ఫైళ్ళు పంచే బయటి సర్వర్, అదే సీడీఎన్ నుంచి వస్తా ఉందని ఎవరు చెప్పినారు. 2018లో ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ కోడ్ గోదాములో ఉండే ఈవెంట్ స్ట్రీమ్ అనే ప్యాకేజ్‌ని పాత యజమాని అలిసిపోయి, సాయం చేస్తానని వచ్చిన కొత్తోడికి అప్పగిస్తే, వాడు పక్కన ఇంకో చిన్న ప్యాకేజ్ తగిలించి దాంట్లో బిట్‌కాయిన్ వాలెట్లు దోచే కోడ్ దూర్చినాడు. 2024లో పాత బ్రౌజర్లకి స్క్రిప్ట్ పంచే పాలీఫిల్ డాట్ ఐఓ డొమైన్ చేతులు మారినాక అదే పాత స్క్రిప్ట్ ట్యాగ్ నుంచి చెడ్డ కోడ్ రావడం మొదలైంది, లక్షకు పైగా సైట్లు ఆ ట్యాగ్ పెట్టుకుని ఉన్నాయి, వాళ్ళెవరూ తమ సైట్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. 2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి రోజూ వాడే ప్యాకేజ్‌లే, వాటిని చూసుకునే మనిషికి దొంగ ఈమెయిల్ పంపి పాస్‌వర్డ్ కాజేసి చెడగొట్టినారు. ఇవేవీ పేరు లేని మూల ప్యాకేజ్‌లు కాదు.

మావాడు చూపించిన స్క్రిప్ట్ ట్యాగ్‌లో వెర్షన్ నంబరే లేదు, లేటెస్ట్ అని ఉంది. అంటే రేపు ఆ అకౌంట్ ఎవరి చేతికి పోతే వాళ్ళు మన ఫారంలో కూర్చుంటారు. వెర్షన్ కట్టెయ్యాల, ఇంటెగ్రిటీ అనే ఆట్రిబ్యూట్‌లో ఆ ఫైల్ హ్యాష్, అంటే దాని వేలిముద్ర, రాస్తే ఒక్క బైట్ మారినా బ్రౌజర్ నడపదు, అంతకంటే మంచిది ఫైల్‌ని తెచ్చి మన సర్వర్లోనే పెట్టుకోవడం. అన్నిటికంటే మంచిది అసలు సైట్‌లో పెట్టకుండా, దొంగ డేటా పెట్టిన టెస్ట్ కాపీలో పెట్టుకోవడం. చిరునామా చివర డీబగ్ అని రాస్తేనే లోడ్ అయ్యేటట్టు పెడదాం అన్నాడు వాడు, అట్టా పెట్టే వాళ్ళు చాలా మంది ఉన్నారు, కానీ ఆ మాట ఎవడైనా కొట్టొచ్చు, లింక్‌లో పెట్టి ఇంకొకరికి పంపొచ్చు. బుక్‌మార్క్‌లెట్ అనే పాత దారి ఇంకా ఉంది, స్క్రిప్ట్‌ని బుక్‌మార్క్‌గా దాచుకుని, ఫోన్ క్రోమ్‌లో అడ్రస్ బార్‌లో ఆ బుక్‌మార్క్ పేరు కొట్టి తట్టడం, సైట్‌లో ఏమీ పెట్టే పని లేదు. సైట్‌కి ఏ చోటి నుంచి స్క్రిప్ట్ రావచ్చో చెప్పే సీఎస్‌పీ గట్టిగా ఉంటే వేరే చోటు నుంచి వచ్చే ఫైల్‌ని అది ఆపేస్తుంది, అప్పుడు విసుక్కోకండి, అది దాని డ్యూటీ చేస్తా ఉంది.

చివరికి తేలింది ఇంతే. ఫోన్లో ఏ పొర ఎవరి మీద కూర్చుంది, వేలు ఎవరికి తగుల్తా ఉంది, కన్సోల్‌లో ఏం ఎర్రర్ వచ్చింది, వీటికి లోపలి టూల్ చాలు, బాగుంటుంది కూడా, దానికి మావాడు తెచ్చింది కాకుండా ఎరుడాని వెర్షన్ కట్టి టెస్ట్ కాపీలో పెట్టుకున్నాం, అది షాడో డామ్‌లో కూర్చుంటుంది కాబట్టి మన సీఎస్‌ఎస్‌తో గొడవ తక్కువ, జిప్ చేసినా వంద కేబీ దాకా ఉంటుంది కాబట్టి అసలు సైట్‌లో పెట్టాలనే ఆశ కూడా పుట్టదు. ఫాంట్లు, వత్తులు, ఏ రూల్ ఎందుకు గెలిచింది, ఈ ప్రశ్నలకి కేబులే దిక్కు. లైన్ హైట్ 1.6 చేసి ఓవర్‌ఫ్లో తీసేస్తే స్త్రీకి కాళ్ళు వచ్చినాయి, నోటో సాన్స్ తెలుగుని మనమే లోడ్ చేసేటట్టు పెట్టినా, ఎవరి ఫోన్లో చూసినా ఒకే మాదిరి ఉంటుంది.

నాలుగు రోజుల తర్వాత లాడ్జి ఓనర్ మళ్ళీ ఫోన్. బటన్ పని చేస్తా ఉందంట, సంతోషం అంట. "కానీ సామీ, ఆ మూలలో చక్రం గుర్తు ఏంది, నెల్లూరు నుంచి ఎవరో భక్తుడు నొక్కినాడంట, తెరంతా ఇంగ్లీష్ వచ్చింది, రూమ్ బుక్ అయినట్టా కానట్టా అని అడగతా ఉన్నాడు" అన్నాడు. మొదటి రోజు పొర పట్టుకోవడానికి అసలు సైట్‌లోనే పెట్టిన ఆ చిన్న టూల్‌ని తియ్యడం మర్చిపోయినాం, నేను మావాడు తీసినాడనుకున్నా, వాడు నేను తీసినాననుకున్నాడు. సర్వర్లో తియ్యడానికి రెండు నిమిషాలు పట్టింది. ఓనర్ ఫోన్లో మాత్రం పాత కాపీ దాచుకునే కాష్ పుణ్యమా అని ఇంకో రోజంతా ఆ చక్రం అట్టే తిరగతా ఉండింది.